పిల్లికూన గడప దాటే ముందు...

“అమ్మా, బుజ్జి ఇంకా రాలేదేం?”

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి ఈ ప్రశ్న రోజుకి పదిసార్లు అడిగేది. స్కూలు నుంచి వస్తూనే బ్యాగు విసిరేసి, పెరటి గోడ దగ్గర నిలబడి “బుజ్జీ... బుజ్జీ...” అంటూ గొంతు బొంగురుపోయేలా పిలిచేది. బుజ్జి అంటే మా ఇంటికొచ్చిన పిల్లికూన. రెండు నెలల పసిది. వచ్చి నాలుగు రోజులే అయింది. నాలుగు రోజులూ గదిలోనే ఉందని నాకే జాలేసింది. “పాపం, కాస్త గాలి తగులుతుంది కదా” అనుకుని, కడుపునిండా పెట్టి, ఎత్తుకుని తీసుకెళ్ళి పెరట్లో బాదంచెట్టు కింద దించాను. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు ఈల వేసింది! అంతే. ఒక్క గెంతు గెంతి, నా చెయ్యి గీరేసి, గోడ కింద తూములోంచి దూరి పోయింది. మళ్ళీ కనపడలేదు.

అందులో బుజ్జి తప్పేమీ లేదండీ. తప్పులన్నీ నావే. ఒకటి, మన ఇల్లే దానికింకా తెలియకుండా బయటి లోకం చూపించాను. రెండు, ఎత్తుకుని తీసుకెళ్ళాను. తన కాళ్ళతో నడిచి వస్తే తిరిగి వెళ్ళే దారి దానికి తెలిసేది. మూడు, కడుపునిండా పెట్టాక తీసుకెళ్ళాను. ఆకలి లేని పిల్లికి నా పిలుపుతో ఏం పని?

ఆ తర్వాత ఏడాదికి మల్లి వచ్చింది. తెల్లటి ఒళ్ళు, ఒక చెవి మాత్రం నలుపు. ఈసారి పశువుల డాక్టరుగారిని అడిగి, పిల్లుల్ని పెంచిన నలుగురినీ అడిగి, ఒక పద్ధతి ప్రకారం నడిచాను. ఇప్పుడు మల్లి రోజూ పెరట్లోకి వెళ్తుంది, పిలిస్తే వచ్చేస్తుంది. నేను నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పాలంటే – పిల్లికూనని బయటికి పంపే ముందు తిరిగి రావడం నేర్పాలి. ఎలాగో చెబుతాను, చదవండి.

అసలు బయటికి పంపాలా?

ఇది ముందు ఆలోచించుకోవాల్సిన మాట. ఇంట్లోనే ఉండే పిల్లికి ప్రమాదాలు తక్కువ, ఆయుష్షు ఎక్కువ అని డాక్టర్లు చెబుతారు. మీది మెయిన్ రోడ్డు పక్క ఇల్లయినా, వీధిలో కుక్కల గుంపు ఉన్నా, మూడో అంతస్తు ఫ్లాటయినా బయటి ముచ్చట మానుకోండి. కిటికీ దగ్గర కూర్చోవడానికి ఓ పీట, గోళ్ళు గీరుకోవడానికి గోనెసంచి చుట్టిన కర్ర, రోజుకి రెండుసార్లు మీతో ఆట ఉంటే చాలు, హాయిగా బతుకుతుంది.

కానీ మాలాంటి పెంకుటిళ్ళ సంగతి వేరు. పొద్దున్నే తీసిన తలుపు రాత్రి పడుకునేదాకా వెయ్యం. పాలవాడు, కూరలమ్మి, పనమ్మాయి, పిల్లలు – ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు. అలాంటి ఇంట్లో పిల్లి ఏదో ఒకరోజు గడప దాటి తీరుతుంది. అది దొంగచాటుగా దాటేకన్నా మనమే దగ్గరుండి దాటించడం మంచిది కదా!

వయసెంత రావాలి?

తల్లి దగ్గర్నుంచి కనీసం ఎనిమిది వారాలు నిండాకే కూనని తెచ్చుకోవాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. నోట కరుచుకుని చోటు చోటుకీ మార్చేది వాటిని కాపాడుకోవడానికే. మార్జాల కిశోర న్యాయం అని పెద్దలు చెప్పేదీ ఇదే. కోతిపిల్ల తల్లిని పట్టుకుని వేలాడుతుంది, పిల్లికూన మాత్రం ఏమీ చెయ్యదు, భారమంతా తల్లిదే. మన ఇంటికొచ్చాక ఆ భారం మనది.

ఇంటికొచ్చాక కనీసం మూడు నాలుగు వారాలు గడప దాటనివ్వకండి. మొదట ఒక్క గది, తర్వాత ఇల్లంతా. బుగ్గలు గుమ్మానికీ కుర్చీ కాళ్ళకీ రుద్దుతూ తిరుగుతుంది చూడండి, అది తన వాసన అంటించి “ఇది నా ఇల్లు” అని రాసుకోవడం.

ఇక టీకాలు. ఎనిమిది వారాల ప్రాంతంలో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు వచ్చేదాకా వేయిస్తారు. పిల్లులకొచ్చే ప్రాణాంతకమైన విరేచనాల జబ్బు పాన్‌ల్యూకోపీనియా, ముక్కు కళ్ళు కారే జబ్బులు వీటితో ఆగుతాయి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేరే వేయించాలి. నులిపురుగుల మందు కూడా డాక్టరు చెప్పినట్టు పట్టించండి. టీకాలన్నీ పూర్తికాని కూనని మట్టిలోకి దించకూడదు.

మరో ముఖ్యమైన సంగతి. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకి రావచ్చు. తొమ్మిది వారాలు తిరిగేసరికి అటక మీద నాలుగు కూనలు! మగపిల్లి అయితే తోడు వెతుక్కుంటూ వీధులు పట్టి తిరిగి, దెబ్బలాడి, చెవులు చింపుకుని వస్తుంది. అందుకని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే స్వేచ్ఛగా వదలాలి. సాధారణంగా అయిదు నెలలలోపు చేయిస్తే మంచిదంటారు. మీ డాక్టరుని అడిగి రోజు ఖాయం చేసుకోండి. “పాపం కదా” అన్నారు మా అత్తయ్యగారు. ఏటా పుట్టే కూనల్ని ఎవరు సాకుతారో చెప్పండి అత్తయ్యా అంటే ఆవిడే నవ్వేసి ఊరుకున్నారు.

ముందు పెరడు సర్దుకోండి

పాకే పిల్లాడు ఇంట్లో ఉంటే మనం నేలమీద ఏవేం ఉన్నాయో వెతుకుతాం చూడండి, అలాగే ఒకసారి పెరడంతా వంగి చూడండి. పిల్లి ఎత్తులో చూస్తే మనకి తెలియని ప్రమాదాలు బోలెడు కనిపిస్తాయి.

నుయ్యి ఉంటే పైన ఇనుప వల బిగించాలి. సంపు మూత ఎప్పుడూ వేసే ఉంచాలి. గాబు నిండా నీళ్ళుంటే ఓ చెక్క ముక్క వాలుగా వెయ్యండి, పడినా పట్టుకుని పైకి వస్తుంది. గోడ కింద తూములకి జాలీ పెట్టించండి. బుజ్జి వెళ్ళిపోయిన తూముకి మావారు మర్నాడే జాలీ బిగించారు. అప్పటికి ఏం లాభం?

ఎలుకల మందు అసలు వద్దు. మీ ఇంట్లో పెట్టకపోయినా పక్కింటివాళ్ళు పెడితే, అది తిన్న ఎలుకని మన పిల్లి తినొచ్చు. కొన్ని మందులు రెండు మూడు రోజుల తర్వాత లోపల రక్తస్రావం మొదలుపెడతాయి. ఇరుగుపొరుగుతో ముందే ఓ మాట చెప్పుకోండి. ఫినాయిల్‌తో గచ్చు కడిగితే నీళ్ళతో మళ్ళీ కడిగి, బాగా ఆరాకే పిల్లిని రానివ్వండి. తడి కాళ్ళు నాక్కుంటే ఆ మందంతా దాని కడుపులోకే. బట్టల్లో వేసే కలరా ఉండలు కూడా అందనివ్వకూడదు.

చెట్లలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు విషమని మనకి తెలుసు. కుండీల్లో ముచ్చటపడి పెంచే సైకస్ కూడా ప్రమాదమే. మనీప్లాంటు, డిఫెన్‌బాకియా ఆకులు కొరికితే నోరు మండి చొంగ కారుతుంది. అన్నింటికన్నా భయపడాల్సింది లిల్లీ. మన పూలబజార్లో దండలకి అమ్మే లిల్లీ గురించి చెప్పడం లేదు, అది నేల సంపెంగ. బొకేల్లో పెట్టే పెద్ద రేకుల అసలు లిల్లీ సంగతి. దాని పుప్పొడి ఒంటిమీద రాలి నాక్కున్నా చాలు, పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలాంటి పూలు పిల్లి ఉన్న ఇంట్లోకే రానివ్వకండి.

కుక్క తరిమితే ఎక్కడానికి ఒక ఎత్తయిన చోటు కూడా ఉండాలి. మేము గోడకి ఓ పాత చెక్క మెట్టు వేశాం. ముందు దాని మీద తిండి పెట్టి, ఎక్కడం అలవాటు చేశాను.

డబ్బా చప్పుడు – ఇంటికి పిలుపు

పంట పండే పాఠం ఇదే. స్టీలు డబ్బాలో పిల్లి తిండి పోసి, గరిటెతో మూతమీద మూడుసార్లు “టక్ టక్ టక్” అని కొట్టి, “మల్లీ, దా!” అని పిలిచి, రాగానే ఓ ముక్క పెట్టేదాన్ని. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చేప ముక్క గానీ కోడి ముక్క గానీ అయితే ఇంకా ఇష్టం. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు సుమా! శాకాహారుల ఇళ్ళలో అయితే బజార్లో దొరికే పిల్లి ఆహారం గింజలు వాడుకోవచ్చు. పిల్లికి మాంసాహారం తప్పనిసరి, వట్టి పెరుగన్నంతో బతకలేదు. ఇక పాలు – చాలా పిల్లులకి అరగక విరేచనాలవుతాయి. గిన్నెలో మంచినీళ్ళు చాలు.

నాలుగు వారాలపాటు ఒక్క పూట కూడా తప్పకుండా ఈ డబ్బా మోగించాను. చివరికి నిద్రపోతున్నా సరే, మూడో “టక్” కి నా కాళ్ళ దగ్గరుండేది. ఒక్క నియమం మాత్రం ఉంది. డబ్బా కొట్టి పిలిచి, వచ్చాక మందు పొయ్యడం, స్నానం చేయించడం, తిట్టడం లాంటివి చెయ్యకూడదు. ఒక్కసారి మోసపోయిందా, మళ్ళీ రాదు.

ఇదే రోజుల్లో ఛాతీ చుట్టూ వేసే పట్టీ, అదే హార్నెస్, ఇంట్లోనే అలవాటు చెయ్యండి. మొదట అయిదు నిమిషాలు. మొదటిసారి వెయ్యగానే మల్లి నేలమీద ఓ పక్కకి పడిపోయి “నేనిక లేవను” అన్నట్టు చూసింది. వారానికి అలవాటైపోయింది. మెడకి తాడు కట్టడం మాత్రం వద్దే వద్దు, బిగుసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పిల్లి మెడలో గంట కట్టాలని సరదా ఉంటే, లాగితే ఊడిపోయే క్లిప్పున్న పట్టీయే కట్టండి. పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. దాని మీద మీ ఫోన్ నంబరు రాయండి.

ఆ మొదటి రోజు

మల్లికి నాలుగున్నర నెలలు. టీకాలన్నీ అయిపోయాయి. ఆదివారం వద్దనుకున్నాను, ఇంటినిండా గోల. వాన మబ్బు లేని ఓ బుధవారం, పదిన్నర గంటలకి ఎంచుకున్నాను. స్కూలు ఆటోలు, ఆఫీసు స్కూటర్లు వెళ్ళిపోయి వీధి సద్దుమణిగే వేళ. పొద్దుటి తిండి సగమే పెట్టాను. కుక్కరు దించేసి, మిక్సీ పని ముగించి, గేటు గడియ పెట్టి, పట్టీ వేసి, పెరటి తలుపు తీసి గుమ్మంలో కూర్చున్నాను.

ఎత్తుకోలేదు, నెట్టలేదు, పిలవలేదు. కూర్చున్నానంతే.

మల్లి గడప మీదికొచ్చి ఆగింది. ముక్కు అటూ ఇటూ తిప్పి గాలి వాసన చూసింది. ఒక కాలు బయట పెట్టి, వెనక్కి తీసేసుకుంది. ఆకు రాలితే వంటింట్లోకి పరుగు! రెండు నిమిషాలకి మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు కాళ్ళు. నేను కదల్లేదు. పొయ్యిమీద పనులన్నీ గుర్తొస్తున్నా కదల్లేదు. మూడోసారి మెట్టు దిగి, తులసికోట దాకా పొట్ట నేలకి ఆనించుకుని పాకినట్టు వెళ్ళింది. కాకి అరిస్తే నేలకి కరుచుకుపోయింది. తలుపు తీసే ఉంది కనక మళ్ళీ ఇంట్లోకి వచ్చేసింది. పారిపోతే ఇంట్లోకే పారిపోయేలా ఆ తలుపు తీసి ఉంచడమే కీలకం.

పది నిమిషాలయ్యాక డబ్బా కొట్టాను. తోక నిలబెట్టుకుని వచ్చేసింది! మిగిలిన సగం తిండి పెట్టి తలుపేశాను. అంతే, మొదటి రోజు పాఠం అయిపోయింది. స్కూలు నుంచొచ్చిన మా అమ్మాయి విషయం విని, మాటా పలుకూ లేకుండా మల్లిని గట్టిగా వాటేసుకుంది. ఆ పిల్ల మనసులో బుజ్జి ఇంకా ఉందని నాకప్పుడు తెలిసింది.

తర్వాతి రోజుల్లో

రోజూ అదే వేళకి, పది నుంచి పదిహేను, పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. రెండు మూడు వారాలు పట్టీ తాడు నా చేతిలోనే. ఆపరేషన్ అయి, గాయం పూర్తిగా మానాక, ఆరో నెలలో తాడు లేకుండా వదిలాను. అప్పుడు కూడా నేను పెరట్లో ఉండి బియ్యం ఏరుకుంటూనో, కూర తరుక్కుంటూనో ఓ కన్ను వేసి ఉంచేదాన్ని.

చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలి. రాత్రి వాహనాల లైట్లకి పిల్లి బెదిరి నిలబడిపోతుంది, కుక్కలూ గండుపిల్లులూ తిరిగేది అప్పుడే. మునిమాపున, తెల్లవారుజామున లోపల ఉంచితే పిట్టల ప్రాణాలు కూడా మిగులుతాయి. దీపావళి నాలుగు రోజులూ, సంక్రాంతికి గాలిపటాల మాంజా గాలిలో తేలే రోజులూ అసలు వదలకండి. వేసవి మధ్యాహ్నం గచ్చు మీద మీ అరచెయ్యి అయిదు సెకన్లు ఆనించి చూడండి. మీకు చుర్రుమంటే దాని పాదాలకీ చుర్రుమంటుంది. కాలు కాలిన పిల్లి సామెత మన ఇంట్లో నిజం కానివ్వకండి.

చెట్టెక్కి దిగలేక అరిస్తే గాభరా పడొద్దు. పిల్లి గోళ్ళు లోపలికి వంగి ఉంటాయి గనక ఎక్కడం తేలిక, తలకిందులుగా దిగడం కష్టం. చుట్టూ జనం లేకుండా చేసి, కింద డబ్బా మోగిస్తూ ఉంటే మెల్లిగా వెనక్కి జరుగుతూ దిగడం నేర్చుకుంటుంది. స్కూటరు, కారు తీసేముందు కింద చూసి, బానెట్ మీద ఒక్కసారి కొట్టి తియ్యమని ఇంట్లో అందరికీ చెప్పండి. వెచ్చదనానికి అక్కడ దూరి పడుకోవడం వాటికి అలవాటు.

ఫ్లాట్లలో ఉండేవారికి

“పిల్లి ఎంతెత్తునుంచి పడ్డా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది” అనే మాట నమ్మి బాల్కనీ తలుపు తీసి ఉంచకండి. 1987లో న్యూయార్క్‌లో మేడల మీంచి పడి ఆసుపత్రికొచ్చిన 132 పిల్లుల వివరాలు డాక్టర్లు ప్రచురించారు. చికిత్స చేసినవాటిలో నూటికి 90 బతికాయి, నిజమే. కానీ ఛాతీ దెబ్బలు, దవడ పగుళ్ళు, కాళ్ళు విరగడం ఎన్నిటికో! బాల్కనీకి పావురాలు రాకుండా కట్టే వల గట్టిగా, కిందనుంచి పైదాకా బిగించి, లోపల ఓ కుండీలో గోధుమ గడ్డి మొలిపించి పెట్టండి. మీ పిల్లికి అదే పెరడు.

కనపడకపోతే

ముందు దూరం పరుగెత్తకండి. బెదిరిన పిల్లి దగ్గర్లోనే నక్కి, పిలిచినా పలక్కుండా ఉంటుంది. 2018లో వచ్చిన ఓ అధ్యయనంలో, తప్పిపోయి దొరికిన పిల్లుల్లో నూటికి 75 అర కిలోమీటరు లోపే దొరికాయి. కట్టెల గుట్టలు, మెట్ల కింద, పక్కింటి షెడ్డు, కాలవ తూములు వెతకండి. వీధి సద్దుమణిగాక టార్చిలైటు వేసి చూస్తే కళ్ళు మెరుస్తాయి. డబ్బా మోగించండి. అది పడుకునే గుడ్డ గుమ్మం బయట వెయ్యండి. ఫొటో వాట్సాప్‌లో మీ వీధివాళ్ళకి పంపండి. ఇవేవీ ఆనాడు నాకు తెలియవు. బుజ్జి కోసం రెండు వీధుల అవతల వెతికాను గానీ, పక్కింటి కట్టెల గుట్ట కింద చూడనే లేదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది.

మన జాగ్రత్త కూడా చూసుకోవాలి

బయట తిరిగే పిల్లి గీరినా కరిచినా “మన పిల్లే కదా” అని పసుపు రాసి ఊరుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరుకి చూపించండి. గర్భవతులు పిల్లి ఇసుక తొట్టి శుభ్రం చెయ్యకపోవడం మంచిది. తప్పకపోతే గ్లౌజులు వేసుకుని, రోజూ శుభ్రం చేసి, చేతులు బాగా కడుక్కోవాలి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలంలో బయటపడ్డ తర్వాత అంటే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే రోజూ తియ్యాలనడం. మట్టిపని చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త.

పిల్లి నలతగా ఉంటే మన మందులు వేసే అలవాటు పొరపాటున కూడా వద్దు. జ్వరానికి మనం మింగే పారాసిటమాల్ ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తియ్యగలదు. కుక్కలకి పిడుదులు పోవడానికి వాడే మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అదీ పిల్లికి విషమే.

గుర్తుంచుకోండి!

* ఇంటికొచ్చి కనీసం మూడు నాలుగు వారాలు గడవాలి. టీకాలు పూర్తికావాలి.
* ఆపరేషన్ అయ్యేదాకా పట్టీ లేకుండా వదలకూడదు.
* డబ్బా చప్పుడుకి పదికి పదిసార్లూ వస్తేనే తలుపు తియ్యండి.
* తిండికి ముందు, పగటిపూట, సందడి లేని వేళ, పది నిమిషాలతో మొదలు.
* ఎత్తుకుని దించకండి, తనంతట తానే నడవనివ్వండి. ఇంటి తలుపు తీసే ఉంచండి.
* రాత్రి ఇంట్లోనే.

ఈ ముక్కలు రాస్తుంటే సాయంత్రం అయిదున్నరయింది. మల్లి గోడమీద కూర్చుని పిచ్చుకల్ని చూస్తూ తోక ఆడిస్తోంది. మా అమ్మాయి డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. టక్, టక్... మూడోది మోగనే లేదు, మల్లి గోడ దిగేసింది. గడప దాటి లోపలికొచ్చి, ఎప్పటిలాగే బుగ్గ ఓసారి గుమ్మానికి రుద్దింది. ఇక దీపం పెట్టుకుని, రాత్రి వంట సంగతి చూడాలి. ఉంటానండీ!